కారు రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడు తిరగాలి, ఎప్పుడు ఆగాలి: ఆజ్ఞ ఎక్కడ తెగిందో కనిపెట్టే పద్ధతి

రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదంటే చాలామంది మొదట మోటారునే అనుమానిస్తారు. కొత్త మోటారు వేయిస్తారు, అయినా తిరగదు. ఆ తర్వాత వినిపించే మాట "డైరెక్ట్ చేసేద్దాం". అంటే సెన్సర్‌నీ కంప్యూటర్‌నీ పక్కన పెట్టి, తాళం తిప్పగానే ఫ్యాన్ తిరిగేలా వైరు లాగేయడం. ఆ అవసరం చాలా అరుదు. ఫ్యాన్ తనంతట తాను ఏదీ నిర్ణయించుకోదు. వేడిని కొలిచేది ఒకటి, ఆ కొలత చూసి నిర్ణయించేది ఒకటి, కరెంటు వదిలేది ఒకటి, చివరికి తిరిగేది ఒకటి. ఆజ్ఞ ఈ వరసలో ఎక్కడ ఆగిపోయిందో పట్టుకుంటే మార్చాల్సిన భాగం ఏదో దానంతటదే తేలుతుంది. టెస్ట్ ల్యాంపు, మల్టీమీటర్, ఒక ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని అంకెల్నీ, లోపాల కోడ్‌లనూ చదివే పరికరం) ఉంటే ఇంటి దగ్గరే చూసుకోవచ్చు.

ముందుగా రెండు జాగ్రత్తలు. ఇంజిన్ ఆపేసినా, తాళం జేబులో ఉన్నా ఎలక్ట్రిక్ ఫ్యాన్ హఠాత్తుగా తిరగొచ్చు. రెక్కల దగ్గర చెయ్యి పెట్టాల్సి వస్తే బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి. రెండోది, వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీయకండి. నీళ్లు, గ్లైకాల్ సగం సగం కలిపిన కూలెంట్ మామూలు గాలి ఒత్తిడిలో సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత లోపల సుమారు ఒక బార్ దాకా (దాదాపు మామూలు గాలి ఒత్తిడి అంత) అదనపు ఒత్తిడి నిలుపుతుంది కాబట్టి 125 డిగ్రీల వరకు మరగకుండా ఉంటుంది. మూత వదులైన క్షణం ఆ ఒత్తిడి పోయి, లోపలున్నదంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

ఫ్యాన్ పని ఎంతవరకు

ఇంజిన్ వేడిని నడిపించేది మొదట థర్మోస్టాట్. లోపల మైనంతో పనిచేసే చిన్న వాల్వు అది. చాలా కార్లలో 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది. అంతవరకు కూలెంట్ ఇంజిన్ లోపలే తిరుగుతుంది, రేడియేటర్‌కు పోదు. తెరుచుకున్నాక వేడి కూలెంట్ రేడియేటర్‌లోకి వస్తుంది, ఎదురుగాలి దాన్ని చల్లబరుస్తుంది. కారు గంటకు 60, 70 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ గాలి మామూలుగా సరిపోతుంది, ఫ్యాన్ అవసరం ఉండదు. కొన్ని కార్లలో ఆ వేగం దాటాక కంప్యూటరే ఫ్యాన్‌ను ఆపేస్తుంది.

అంటే ఫ్యాన్ కారు నిలబడ్డప్పుడు, ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు, ఎత్తు మీద నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు కావాలి. పనిముట్టు ఏదీ పట్టుకోకముందే వేసుకోవాల్సిన ప్రశ్న ఇక్కడే దొరుకుతుంది. మీ కారు ఎప్పుడు హీటెక్కుతోంది? సిగ్నల్ దగ్గర ఆగితే ఎక్కి, రోడ్డు దొరికి వేగం అందుకోగానే దిగితే ఫ్యాన్‌నో, దాని ఆజ్ఞనో వెతకాలి. వేగంగా పోతున్నప్పుడే ముల్లు లేస్తుంటే ఫ్యాన్ జోలికి పోకండి. అక్కడ కూలెంట్ తగ్గిపోవడం, రేడియేటర్ పూడుకుపోవడం, థర్మోస్టాట్ సగమే తెరుచుకోవడం, వాటర్ పంప్ అరిగిపోవడం లాంటివి చూడాలి. ఈ ఒక్క తేడా తెలియక మారిపోయిన మంచి మోటార్లు చాలానే ఉంటాయి.

ఆన్ అయ్యే వేడి వేరు, ఆఫ్ అయ్యే వేడి వేరు

ఫ్యాన్ ఏ డిగ్రీ దగ్గర మొదలవుతుందో అదే డిగ్రీ దగ్గర ఆగదు. ఇది లోపం కాదు, కావాలనే అలా పెడతారు. మేడమీద నీళ్ల ట్యాంకుకు ఆటోమేటిక్ మోటారు పెట్టినప్పుడు మట్టం బాగా దిగాక ఆన్ అయ్యి, నిండాక ఆఫ్ అయ్యేట్టు రెండు హద్దులు పెట్టుకుంటాం. ఒకటే హద్దు పెడితే చెంబుడు నీళ్లు వాడినప్పుడల్లా మోటారు వేసి ఆపేస్తుంటుంది. ఫ్యాన్ సంగతీ అంతే. 95 దగ్గర ఆన్, 95 దగ్గరే ఆఫ్ అంటే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వదిలే స్విచ్) సెకనుకోసారి కొట్టుకుంటుంది. మోటారు కదలడం మొదలయ్యే క్షణంలో, నిలకడగా తిరిగేటప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ దెబ్బ మాటిమాటికీ తగిలితే రిలే కాంటాక్టులు కాలి అతుక్కుపోతాయి.

అందుకే రెండిటి మధ్య 4 నుంచి 8 డిగ్రీల ఎడం ఉంచుతారు. రేడియేటర్‌కు బిగించే పాత తరహా థర్మో స్విచ్‌లలో బాగా కనిపించే లెక్క ఇది: మొదటి వేగం 92 నుంచి 97 మధ్య ఆన్, 84 నుంచి 91 మధ్య ఆఫ్; రెండో వేగం 99 నుంచి 105 మధ్య ఆన్, 91 నుంచి 98 మధ్య ఆఫ్. కంప్యూటర్ నడిపే కార్లలో ఈ అంకెలు ఇంకాస్త ఎక్కువ ఉండొచ్చు. మీ కారు కచ్చితమైన అంకెలు దాని సర్వీస్ మాన్యువల్‌లో ఉంటాయి, వాటినే నమ్మండి. ఏ కారులోనైనా ఒక నియమం మాత్రం మారదు. థర్మోస్టాట్ తెరుచుకునే వేడి కంటే ఫ్యాన్ ఆన్ అయ్యే వేడి ఎక్కువే ఉంటుంది. తెరుచుకోని థర్మోస్టాట్ వెనక ఫ్యాన్ ఎంత తిరిగినా చల్లబరిచేందుకు అక్కడ ఏమీ ఉండదు.

మీ కారులో ఆజ్ఞ ఎవరిది

పాత కార్లలో నిర్ణయం థర్మో స్విచ్‌దే. రేడియేటర్ పక్కనో కిందనో బిగించి, రెండు మూడు వైర్లు వచ్చి ఉంటుంది. లోపలి లోహపు బిళ్ల వేడికి వంగి కాంటాక్టును కలుపుతుంది, రిలే పడుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది. కంప్యూటర్‌తో పని లేదు.

తర్వాతి కార్లలో ఇంజిన్ మీద, సాధారణంగా థర్మోస్టాట్ దగ్గర, కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ ఉంటుంది. ఇది స్విచ్ కాదు, వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే థర్మిస్టర్. చాలా రకాల్లో 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 వేల ఓమ్‌లు, 80 దగ్గర సుమారు 300, 100 దగ్గర 200కు కాస్త అటూఇటూ చూపిస్తుంది. ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, దీనికి 5 వోల్టులు పంపి, ఎంత పడిపోయిందో చూసి వేడిని లెక్కిస్తుంది. హద్దు దాటగానే రిలే కాయిల్‌కు ఎర్త్ ఇస్తుంది.

ఇంకా కొత్తవాటిలో రిలే బదులు ఫ్యాన్ దగ్గరే ఒక కంట్రోల్ మాడ్యూల్ ఉంటుంది. ఈసీయూ దానికి పల్సుల రూపంలో "ఇంత వేగం" అని చెబుతుంది. ఫ్యాన్ మెల్లగా మొదలై అవసరాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. "టక్" మన్న చప్పుడు ఉండదు.

రిలే ఉన్న కార్లలో రెండు వేగాలు రెండు రకాలుగా తెస్తారు. ఒకటి, మోటారుకు వరసలో ఒక రెసిస్టర్ పెట్టి తక్కువ వేగం, దాన్ని దాటేసి ఎక్కువ వేగం. రెండోది, రెండు ఫ్యాన్లున్న కార్లలో మూడు రిలేలు పెట్టి, రెండు మోటార్లనూ సిరీస్‌లో కలిపితే తక్కువ, ప్యారలల్‌లో కలిపితే ఎక్కువ. ఈ రెండో రకంలో ఒక మోటారు కాలిపోతే తక్కువ వేగంలో రెండూ ఆగిపోతాయి. సిరీస్‌లో ఒకటి తెగితే రెండోదానికీ దారి ఉండదు కదా.

ఏసీ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఏసీ వేస్తే ఇంజిన్ చల్లగా ఉన్నా ఫ్యాన్ తిరుగుతుంది, ఎందుకంటే రేడియేటర్ ముందున్న కండెన్సర్‌కూ (ఏసీ గ్యాస్‌ను చల్లబరిచే జాలీ) గాలి కావాలి. గ్యాస్ ఒత్తిడి పెరిగితే ప్రెషర్ సెన్సర్ చెప్పగా వేగం కూడా పెరుగుతుంది. కాబట్టి ఫ్యాన్‌కు యజమానులు ఇద్దరు, వేడి ఒకటి, ఏసీ ఇంకొకటి. ఇది మనకు పరీక్షలో బాగా పనికొస్తుంది.

మొదటి మెట్టు: బాగున్నప్పుడు ఎలా ఉంటుందో చూడండి

పొద్దున్నే ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూడండి. తక్కువుంటే ముందు అది నింపండి, లీకు వెతకండి. కూలెంట్ తగ్గి సెన్సర్ దగ్గర గాలి బుడగ నిలిస్తే, ఇంజిన్ మండిపోతున్నా సెన్సర్‌కు ఆ వేడి సరిగ్గా అందదు. సెన్సర్, రిలే, మోటారు అన్నీ బాగుండి కూడా ఫ్యాన్ తిరగదు. ఇంజిన్ పాడయ్యే దారుల్లో నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే, ఎందుకంటే గేజీ ముల్లు కూడా మామూలుగానే కనిపించొచ్చు.

ఇప్పుడు స్కానర్ పెట్టి, సెల్ఫ్ కొట్టకముందే రెండు అంకెలు చూడండి: కూలెంట్ వేడి, ఇంజిన్‌లోకి పోయే గాలి వేడి. రాత్రంతా ఆగి ఉన్న కారులో ఈ రెండూ దాదాపు ఒకటే ఉండాలి. పది, పదిహేను డిగ్రీల తేడా ఉంటే సెన్సర్లలో ఒకటి అబద్ధం చెబుతోంది.

ఏసీ ఆపి ఇంజిన్‌ను అలా వదిలేసి అంకె పెరగడం చూస్తుండండి. 82 నుంచి 88 మధ్యకు వచ్చాక రేడియేటర్ పై హోస్ వేడెక్కాలి. 95, 100 ప్రాంతంలో ఫ్యాన్ మొదలై, కొన్ని డిగ్రీలు దిగాక ఆగాలి. ఆన్, ఆఫ్ అంకెలు రెండూ రాసుకోండి. ఇలా రెండు మూడు సార్లు జరిగేదాకా ఉండండి. డ్యాష్‌బోర్డు ముల్లు మీద ఆధారపడొద్దు. చాలా కార్లలో అది సుమారు 80 నుంచి 105 వరకు నడిమధ్యనే కదలకుండా నిలిచేలా చేసి ఉంటుంది. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యమైంది.

రెండో మెట్టు: తిరగకపోతే

అంకె 105 దాటుతున్నా ఫ్యాన్ కదలకపోతే ఇంజిన్ ఆపేయండి. చల్లబడ్డాక మళ్లీ మొదలుపెట్టి ఏసీ వేయండి. చాలా కార్లలో కొన్ని సెకన్లలోనే ఫ్యాన్ తిరగాలి.

ఏసీకి తిరిగి, వేడికి తిరగకపోతే మోటారు, ఎర్త్, ఫ్యూజు బాగున్నట్టే. వేడిని కొలిచే వైపే చూడాలి. రెండు ఫ్యాన్లుంటే మాత్రం తిరిగినది కండెన్సర్ ఫ్యానా, రేడియేటర్ ఫ్యానా అని చూసుకోండి.

ఏసీకి కూడా తిరగకపోతే సెన్సర్ కనెక్టర్ దగ్గరికి రండి. థర్మిస్టర్ రకమైతే ఇంజిన్ నడుస్తుండగా కనెక్టర్ పీకండి. ఈసీయూకు వేడి ఎంతో తెలియదు కాబట్టి చాలా కార్లలో క్షేమం కోసం ఫ్యాన్‌ను తిప్పేస్తుంది. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, పీ0118 కోడ్ పడుతుంది, తర్వాత చెరిపేయొచ్చు. పాత థర్మో స్విచ్ రకమైతే దీనికి పూర్తిగా వ్యతిరేకం. పీకితే ఏమీ కాదు. కనెక్టర్‌లోని రెండు వైర్లను చిన్న ముక్కతో కలిపితే ఫ్యాన్ తిరగాలి. తిరిగితే స్విచ్ పోయినట్టు. ఈ రెండు పరీక్షల్నీ ఒకదానికొకటి తారుమారు చేయకండి, థర్మిస్టర్ వైర్లను కలపకండి.

ఇక్కడా జవాబు రాకపోతే ఫ్యూజు బాక్సులోని ఫ్యాన్ రిలే దగ్గరికి వెళ్లండి. ఆజ్ఞ దారికి ఇది నట్టనడుమ ఉంటుంది, అందుకే ఇక్కడ నిలబడితే ఇటు తప్పో అటు తప్పో ఒక్క పరీక్షతో తేలుతుంది. రిలే మీద వేలు పెట్టి ఉంచి, ఎవరినైనా ఏసీ వేయమనండి. టక్ మని తగిలితే ఆజ్ఞ వచ్చింది, ఇక కరెంటు వైపు చూడాలి. తగలకపోతే ఆజ్ఞే రాలేదు, లేదా రిలే కాయిల్ తెగింది. అదే నంబరున్న హారన్ రిలేనో మరోటో తెచ్చి ఇక్కడ పెట్టి చూడండి. నంబరు ఒకటే అయితేనే.

రిలే తీసేసి సాకెట్ చూస్తే సాధారణంగా నాలుగు కాళ్ల చోట్లు ఉంటాయి: 85, 86 కాయిల్‌వి, 30, 87 పెద్ద కరెంటువి. 30లో టెస్ట్ ల్యాంపు వెలగాలి. కొన్ని కార్లలో ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే వెలుగుతుంది. వెలగకపోతే ఫ్యూజు పోయింది. ఫ్యాన్ ఫ్యూజు 30, 40 ఆంపియర్లది, ఒక్కోసారి అది బాగానే ఉండి దాని కింద ప్లాస్టిక్ కరిగిపోయి ఉంటుంది, తీసి చూడండి. 30లో కరెంటు ఉంటే, మధ్యలో ఫ్యూజున్న లావు వైరుతో 30ని 87కు కలపండి. ఫ్యాన్ తిరిగిందంటే అక్కడినుంచి మోటారు దాకా అంతా బాగుంది. అప్పుడు మిగిలింది 85, 86 వైపు. ఇగ్నిషన్ ఆన్ చేసి ఆ రెండు చోట్ల మధ్య ఎల్‌ఈడీ టెస్ట్ ల్యాంపో, మల్టీమీటరో పెట్టి ఇంజిన్ వేడెక్కే దాకా చూడండి. హద్దు వేడికి కూడా అక్కడ వోల్టేజీ రాకపోతే ఈసీయూ దాకా ఉన్న వైరు చూడాలి. పీ0480, పీ0481 కోడ్‌లు ఈ సర్క్యూట్ గురించే చెబుతాయి. పల్సులతో నడిచే మాడ్యూల్ రకంలో ఇలా వైర్లు కలపకండి, స్కానర్ నుంచే ఆజ్ఞ పంపే యాక్టివ్ టెస్ట్‌తోనే ఫ్యాన్‌ను తిప్పి చూడండి.

30, 87 కలిపినా తిరగకపోతే ఇప్పుడు, ఇప్పుడు మాత్రమే, మోటారు. కనెక్టర్ ఊడదీసి చూడండి. చిలుము పట్టి పచ్చబడ్డా, కాలి నల్లబడ్డా సగం కథ అక్కడే ఉంది. మల్టీమీటర్ ఇక్కడ మోసం చేస్తుంది. ఒక్క పోగు మిగిలిన వైరులో కూడా 12 వోల్టులు చూపిస్తుంది, మోటారు పెట్టగానే అది పడిపోతుంది. కాబట్టి లోడు ఉన్నప్పుడు కొలవండి, లేదా హెడ్‌లైట్ బల్బు పెట్టి చూడండి. బల్బు మసగ్గా వెలిగితే వైరో ఎర్తో బలహీనంగా ఉంది. బ్యాటరీ తీసేసి రెక్కల్ని చేత్తో తిప్పండి. బరువుగా తిరిగితే బుష్‌లు పోయాయి, అలాంటి మోటారే మాటిమాటికీ ఫ్యూజు ఎగరగొడుతుంది. ఫ్యూజు పోతోందని పెద్ద ఆంపియర్ల ఫ్యూజు పెట్టడం వైరింగ్‌కు నిప్పు పెట్టుకోవడమే. ఆజ్ఞ ఇచ్చి, మోటారు మీద కర్ర పిడితో తడితే తిరగడం మొదలైతే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి. అది ఇవాళ తిరుగుతుంది, రేపు తిరగదు.

ఒక లక్షణం ప్రత్యేకంగా చెప్పాలి. రెసిస్టర్‌తో తక్కువ వేగం తెచ్చే కార్లలో ఫ్యాన్ చాలాసేపు మౌనంగా ఉండి, వేడి 100 దాటాక ఒక్కసారిగా పెద్ద హోరుతో మొదలైతే అది మోటారు తప్పు కాదు. తక్కువ వేగం రెసిస్టర్ కాలిపోయింది. చిన్న భాగం అది, దాని కోసం ఫ్యాన్ మొత్తం మార్చక్కర్లేదు.

మూడో మెట్టు: ఆగకపోతే

ముందు ఏసీ, ముందద్దం మీది ఆవిరి తీసే డీఫ్రాస్ట్ బటన్ ఆఫ్‌లో ఉన్నాయా చూడండి. డీఫ్రాస్ట్ వేస్తే చాలా కార్లలో ఏసీ దానంతటదే పనిచేస్తుంది. ఇంజిన్ ఆపాక కొన్ని నిమిషాలు ఫ్యాన్ తిరగడం చాలా కార్లలో, ముఖ్యంగా టర్బో కార్లలో మామూలే. పంప్ ఆగిపోయాక లోహంలోని వేడంతా కూలెంట్‌లోకి దిగి అంకె ఇంకా పెరుగుతుంది కాబట్టి అలా పెడతారు.

చల్లటి ఇంజిన్, ఇగ్నిషన్ ఆఫ్, అయినా తిరుగుతోందంటే రిలే కాంటాక్టులు అతుక్కుపోయాయి. రిలే పీకితే ఆగుతుంది. ఇగ్నిషన్ వేయగానే మొదలైతే స్కానర్‌లో కూలెంట్ అంకె చూడండి. మైనస్ 40 చూపిస్తే సెన్సర్ కనెక్టర్ ఊడింది లేదా వైరు తెగింది. అంకె సరిగ్గా ఉండి, ఏసీ వేసినప్పుడు మాత్రమే ఎప్పుడూ పెద్ద వేగంలో తిరుగుతుంటే కండెన్సర్ దుమ్ముతో నిండిందనో, గ్యాస్ ఎక్కువ పట్టించారనో అనుమానించాలి.

సెకండ్ హ్యాండ్ కారైతే ఎవరో ఎప్పుడో డైరెక్ట్ చేసి ఉండొచ్చు. టేపు చుట్టిన కొత్త వైరు, డ్యాష్‌బోర్డు కింద ఊరూపేరూ లేని స్విచ్ కనిపిస్తాయి. దాన్ని విప్పించి అసలు వైరింగ్ తిరిగి పెట్టించండి. ఎప్పుడూ తిరిగే మోటారు త్వరగా అరిగిపోతుంది, ఆల్టర్నేటర్ మీద 10, 20 ఆంపియర్ల భారం ఎప్పుడూ ఉంటుంది. చేత్తో వేసే స్విచ్ అయితే ఇంకా ప్రమాదం, ఆ సంగతి తెలియని మనిషి ఒక్కరోజు నడిపితే చాలు. దీంతోపాటు థర్మోస్టాట్ కూడా పీకేసి ఉంటే ఇంజిన్ ఎప్పటికీ సరిగ్గా వేడెక్కదు. ఈసీయూ ఇంకా చల్లగానే ఉందనుకుని ఇంధనం ఎక్కువ పోస్తుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరి కాదు. పీ0128 కోడ్ కనిపిస్తే ఇదే చూడండి.

తిరుగుతూనే హీటెక్కితే

రేడియేటర్ ముందు ఒక కాగితం పెట్టండి. ఫ్యాన్ ఇంజిన్ వైపు ఉంటే కాగితం లోపలికి లాక్కుని అంటుకోవాలి. ఎగిరిపోతే మోటారు మార్చినప్పుడు వైర్లు అటూఇటూ అయ్యాయి, ఫ్యాన్ వెనక్కి తిరుగుతోంది. అంటుకోకుండా జారిపోతే రేడియేటర్‌కూ కండెన్సర్‌కూ మధ్య మట్టి పేరుకుంది, లేదా ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ శ్రౌడ్ విరిగింది. శ్రౌడ్ లేని ఫ్యాన్ తన చుట్టూ ఉన్న గాలినే తిప్పుకుంటుంది.

పై హోస్ కాలిపోతూ, కింద హోస్ చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయింది, లేదా రేడియేటర్ పూడింది. పాత థర్మో స్విచ్ కార్లలో ఇది మరీ తికమక పెడుతుంది. స్విచ్ ఉన్నది రేడియేటర్‌లో, అక్కడికి వేడి రాదు, కాబట్టి ఫ్యాన్ తిరగదు. ఫ్యాన్ పోయిందని అందరూ అనుకుంటారు.

రోడ్డు మీద ఉండగా ఫ్యాన్ ఆగి ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్‌నూ బ్లోయర్‌నూ నిండుగా పెట్టండి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, కాస్త వేడిని లోపలికి లాగుతుంది. అయినా ఎక్కుతుంటే పక్కకు ఆపి ఇంజిన్ ఆపేయండి. ఆవిరి వస్తుంటే బానెట్ దగ్గరికి పోవద్దు, చన్నీళ్లు పోయొద్దు. వేడి లోహం మీద చన్నీళ్లు పడితే హెడ్ పగిలే ప్రమాదం ఉంది.

బెల్టుతో తిరిగే ఫ్యాన్

ఇంజిన్‌ను బండి పొడవు వెంట, ముందు నుంచి వెనక్కి బిగించిన కొన్ని బండ్లలో ఫ్యాన్ పంప్ కప్పీ మీదే ఉంటుంది. మధ్యలో సిలికాన్ ద్రవంతో పనిచేసే విస్కస్ క్లచ్ ఉంటుంది. దాని ముందుభాగంలోని లోహపు చుట్ట రేడియేటర్ దాటి వచ్చే గాలి వేడిని పసిగట్టి ద్రవాన్ని వదులుతుంది, ఫ్యాన్ పట్టు అందుకుంటుంది. ఇక్కడ సెన్సరూ రిలే ఏవీ లేవు. ఇంజిన్ ఆపి, వేడిగా ఉన్నప్పుడు రెక్క తిప్పితే గట్టిగా ఆపినట్టుండాలి. ఏ అడ్డూ లేకుండా గిరగిరా తిరిగినా, క్లచ్ చుట్టూ నూనె మరకలున్నా అది పోయింది. చల్లటి ఉదయం మొదటి కొద్దిసేపు హోరుమని, తర్వాత తగ్గితే భయపడక్కర్లేదు.

ఏ భాగం మార్చినా కూలెంట్ దించి ఉంటే గాలి తీయడం మర్చిపోకండి. బ్లీడ్ స్క్రూ ఉంటే బుడగలు ఆగేదాకా వదులుగా ఉంచండి, హీటర్ నిండుగా తెరిచి ఉంచండి. ఫ్యాన్ కనీసం రెండుసార్లు తనంతట తాను ఆన్, ఆఫ్ అయ్యాక ఇంజిన్ ఆపండి. రాత్రంతా చల్లారనిచ్చి, మర్నాడు పొద్దున్న మళ్లీ మట్టం చూసి, తగ్గినంత కలిపి పోయండి. ఆ తర్వాత కూడా రోజూ తగ్గుతుంటే, లేదా ఇంజిన్ నడుస్తుండగా కూలెంట్ ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తుంటే ఫ్యాన్‌తో పని లేదు, హెడ్ గాస్కెట్ పరీక్ష చేయించాలి.